టోకెన్‌లో రెండో పేరు

ఇరవై రెండేళ్ళు వచ్చేదాకా నా పేరు నేను రాసుకోలేని మనిషిని. నలభై దాటాక ప్రోగ్రామర్‌నయ్యాను. ఈ రెండు ముక్కలూ పక్కపక్కన చెబితే జనం చప్పట్లు కొడతారు. అందుకే ఎక్కడా చెప్పను. ఈ మధ్య ఒక కాలేజీవాళ్ళు పిలిచి, కొత్తగా ఉద్యోగాల్లోకి వెళ్ళేవాళ్ళకు నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. అక్కడ నిలబడి ఏదో చెప్పి వచ్చాను. చెప్పాల్సింది చెప్పలేదు. అది ఇక్కడ రాస్తున్నాను.

ఏ ఏడు ఏ పదవి వచ్చిందో, ఎవరు శాలువా కప్పారో రాయను. వాటితో మీకు పని లేదు. నా ఉద్యోగం మొత్తంలో మీకు పనికొచ్చేది ఒకటే ఉంది. అది నేను చేసిన తప్పు.

సీసా మీద అక్షరాలు

పాతబస్తీలో ఒక రక్తపరీక్షల ల్యాబులో అటెండరుగా చేరాను. పేరెందుకు, ఇప్పటికీ నడుస్తోంది. వార్డు నుంచి సీసాలు తెచ్చి ల్యాబులో పెట్టాలి, ల్యాబు నుంచి కవర్లు తీసుకెళ్ళి డాక్టర్లకు ఇవ్వాలి. ఏ కవరు ఎవరికో రంగు చూసి గుర్తుపట్టేవాణ్ణి. లోపల ఏముందో నాకు తెలియదు. తెలియకపోయినా ఒక్క కవరూ తప్పు చేతికి పోలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

ఆ ల్యాబులో టెక్నీషియన్ షమీమ్. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. అందరం ఆపా, అంటే అక్క, అనేవాళ్ళం. వాళ్ళ నాన్న ఉద్యోగం మహబూబ్‌నగర్ వైపు ఉండటంతో తెలుగు బడిలో చదువుకుంది. నాకు చదువు రాదని ఆమె ఎలా కనిపెట్టిందంటే, ఒకరోజు పిలిచి సీసా చేతిలో పెట్టింది.

"అరే మల్లేశ్, గీ సీసా మీద ఏం రాసున్నది?"

"ఏదో గీత లెక్క ఉన్నది ఆపా."

"గీత కాదు. అది ఎల్ అక్షరం. గా మనిషి పేరు లక్ష్మమ్మ. నువ్వు గీత అన్కొని పక్క డబ్బాల పెడితే, గామె రక్తం ఇంకొకరిదైతది. ఎరుకైందా?"

"ఎరుకైంది."

"ఏం ఎరుకైంది? రేపటి సంది పన్నెండింటికి టిఫిన్ డబ్బా తెచ్చుకొని నా బల్ల కాడికి రా. సిగ్గుపడకు. సిగ్గుపడేటోళ్ళు గీ పనిల ఉండొద్దు."

అట్లా నేను మొదట నేర్చుకున్న అక్షరాలు పలక మీదివి కావు, రక్తపు సీసాల మీదివి. లేబుళ్ళ మీద ఇంగ్లీషు, ఆ తర్వాత పాత పేపర్లలో తెలుగు. ఏడాదిన్నర నేర్పింది. ఒక్కనాడూ మెచ్చుకోలేదు. తప్పు చదివితే మాత్రం "పేరు మంచిగ చూడు, మనిషి ఉన్నది దాని ఎన్క" అనేది.

తర్వాత ఓపెన్ స్కూల్లో పదో తరగతి, ల్యాబుకు కంప్యూటర్లు వస్తే డేటా ఎంట్రీ, సాయంత్రం కోర్సులు. ల్యాబు సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీవాళ్ళు, ల్యాబు పని తెలిసినవాడని నన్ను తీసుకున్నారు. అది నా గొప్ప కాదు, వాళ్ళ అవసరం.

ఆలస్యంగా చదువు వచ్చినవాడికి ఒక జబ్బు ఉంటుంది. కనిపించిందల్లా చదువుతాడు. చాంద్రాయణగుట్ట బస్సెక్కితే దిగేదాకా ఒక్క బోర్డు వదిలేవాణ్ణి కాదు. పక్కవాడి చేతిలో ఉత్తరం ఉంటే మెడ వంచి చదివేవాణ్ణి. పెళ్ళిపత్రికలో ప్రింటింగ్ ప్రెస్సు అడ్రసు కూడా వదలను. చిన్నప్పటి నుంచీ చదువుకున్నవాడికి ఈ ఆకలి ఉండదు. వాడు తనది కానిదాన్ని చూడకుండా పోగలడు. నేను పోలేకపోయాను. నా తప్పుకు మూలం అక్కడే ఉంది.

మూసిన కవరు

మా పని ఏమిటో తెలియనివాళ్ళకు చెబుతాను. ల్యాబు పెద్దదైంది. జహనుమా, చాంద్రాయణగుట్ట, గుడిమల్కాపూర్‌లలో కలెక్షన్ కేంద్రాలు పెట్టారు. కేంద్రంలో కౌంటరు కంప్యూటరు మీద నడిచే అప్లికేషన్ మేం రాసింది. రిపోర్టులన్నీ ఉండేది మెయిన్ ల్యాబులో నడిచే ఇంకో ప్రోగ్రాములో, దాన్ని సర్వీసు అంటాం. కౌంటరు అప్లికేషన్ ఆ సర్వీసును అడిగి పని చేయించుకుంటుంది.

అడిగేది ఎవరో సర్వీసుకు తెలియాలి కదా. దానికి టోకెన్. ఉద్యోగి కార్డు పెట్టి పిన్ కొడితే, టోకెన్లు జారీ చేసే వేరే సర్వీసు ఒకటి ఆ మనిషి ఎవరో చూసి టోకెన్ ఇస్తుంది. అది సంతకం పెట్టిన కవరు అనుకోండి. లోపల కొన్ని మాటలుంటాయి. ఈ మనిషి పేరు ఇది, హోదా ఇది, ఫలానా కేంద్రం, ఇన్ని గంటల దాకే చెల్లుతుంది, ఫలానా సర్వీసుకు ఇవ్వాల్సింది అని. వీటిని క్లెయిములంటారు. ఒక మనిషి మరొకరి తరఫున పని చేస్తుంటే ఆ సంగతి కూడా లోపలే ఉంటుంది. పైన అసలు మనిషి పేరు, లోపలికి పోతే చేసే మనిషి పేరు.

కౌంటరు అప్లికేషన్ చేయాల్సిన పని ఆ కవరును తీసుకెళ్ళి సర్వీసు చేతిలో పెట్టడం. నేను అటెండరుగా చేసిందే. చదవాల్సింది సర్వీసు, సంతకం సరిచూడాల్సింది సర్వీసు, అవునో కాదో చెప్పాల్సింది సర్వీసు.

కానీ మా టోకెన్‌కు సంతకం ఉంది గానీ తాళం లేదు. ఎవరైనా విప్పి చూడొచ్చు. నేను చూడకుండా ఉంటానా? విప్పాను. లోపల పేరు, హోదా వరసగా కనిపిస్తుంటే పిచ్చి సంతోషమేసింది. ఆ పేరు తీసి స్క్రీన్ మీద చూపించాను. హోదా చూసి ఎవరికి ఏ బటన్లు ఉండాలో అక్కడే తేల్చాను. అందరూ భేష్ అన్నారు.

దెబ్బ మొదట చిన్నగా తగిలింది. గుడిమల్కాపూర్ కేంద్రంలో ఒక పొద్దున ఏ బటనూ పని చేయలేదు. పూల మార్కెట్‌వాళ్ళు షుగర్ టెస్టు కోసం ఏమీ తినకుండా వచ్చి వరసలో నిలబడ్డారు. ఒకావిడ నాతో ఫోన్లోనే లొల్లి పెట్టుకుంది. "చాయ్ తాగకుంట పొద్దుగాల నాలుగింటి సంది ఉన్న. నీ కంప్యూటర్ తాగిందా చాయ్?" అంది. చూస్తే, ఆ రోజు టోకెన్లలో కేంద్రం పేరు క్లెయిము రాలేదు. రాకపోతే నా అప్లికేషన్ "ఈ మనిషికి కేంద్రం లేదు" అనుకుంది. చెప్పకపోవడం వేరు, లేదని చెప్పడం వేరు. అప్పుడే నాకు బుద్ధి రావాలి. ఆ ఒక్క చోట అతుకు వేసి ఊరుకున్నాను.

రావు గారు

మా పైఅధికారి రావు గారు. భీమవరం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. పనిమంతుడు. మనుషుల్ని కేకలేయడు. ఆయనలో ఒకే లోపం, తొందర. సర్వీసు రాసే అమ్మాయి ఒకసారి అడిగింది, "హోదా మేం కూడా సరిచూడాలి కదండీ?" అని. రావు గారు నన్ను చూశారు.

"ఏవండీ మల్లేశం గారూ, మీ వైపు చూస్తున్నారు కదా?"

"చూస్తున్నం సార్."

"మరింక రెండుసార్లెందుకమ్మా? అసలే నెమ్మదిగా నడుస్తోంది. ఆయన పంపింది రాసుకోండి, చాలు."

ఆ అమ్మాయి తల ఊపి రాసుకుంది. రావు గారిని ఏమీ అనను. నేను "లేదు సార్, సర్వీసే చూడాలి" అంటే ఆయన వినేవారు. కానీ నా చదువు మీద ఒక పెద్ద పని నిలబడిందని నాకు లోపల గర్వంగా ఉంది.

అప్పటికి షమీమ్ ఆపా చీఫ్ టెక్నీషియన్. రిపోర్టు ఆమె మా అప్లికేషన్‌లోనే చూసి విడుదల చేయందే బయటికి పోదు. రంజాన్ నెలలో సాయంత్రం ఉపవాసం విడిచే ఇఫ్తార్ వేళకు ఆమె పక్క గదిలోకి వెళ్ళేది. ఆ గంటసేపు రిపోర్టులు ఆగకుండా, ఆమె తరఫున డిప్యూటీ కిరణ్ విడుదల చేసేలా ఏర్పాటు చేశాం. ఆమె ఒక్క షరతు పెట్టింది.

"అన్నీ కిరణ్ చేయనీ, నాకేం ఫికర్ లేదు. బ్లడ్ గ్రూపు మాత్రం వద్దు. గా రిపోర్టు నేను నా కండ్లతోని చూడంది పోవద్దు. రాసుకో మల్లేశ్."

"రాసుకున్న ఆపా."

రాసుకున్నాను కూడా. డిప్యూటీ హోదా ఉంటే బ్లడ్ గ్రూపు బటన్ రాకూడదని ప్రోగ్రాములో పెట్టాను. కానీ కిరణ్ ఆమె తరఫున పని చేసేటప్పుడు టోకెన్‌లో పైన ఉండేది ఆమె పేరు, ఆమె హోదా. కిరణ్ పేరు లోపల, రెండో చోట ఉంటుంది. నేను మొదట కనిపించిన పేరు, మొదట కనిపించిన హోదా చదివి ఆపేశాను. చీఫ్ అని ఉంది కదా అని బటన్ వచ్చింది.

పేరు నీదే

చాంద్రాయణగుట్టలో ఒక గర్భిణికి బ్లడ్ గ్రూపు తప్పుగా పోయింది. రెండు సీసాలు తారుమారయ్యాయి. కాన్పుకు ముందు ఆస్పత్రివాళ్ళు మళ్ళీ పరీక్ష చేస్తారు కాబట్టి దొరికింది. తల్లీబిడ్డలకు ఏమీ కాలేదు. కానీ ఆమె అన్న రిపోర్టు పట్టుకొని ల్యాబుకు వచ్చాడు. కాగితం కింద విడుదల చేసినవారు అని షమీమ్ పేరు, ఇఫ్తార్ వేళ టైము ఉన్నాయి.

"గీ షమీమ్ ఎవరు? బయటికి పిలువుండ్రి! నా చెల్లె పానం పోతుండె!"

ఆపా బయటికి వచ్చింది. తిట్లన్నీ విన్నది. ఆఖర్న ఒకటే మాట అంది. "భాయ్, గప్పుడు నేను ఖజూర్ నోట్ల పెట్టుకుంటున్న. గీ కాయితం నేను చూడలే."

ల్యాబు మేనేజరు విచారణ పెట్టాడు. కిరణ్‌ను అడిగితే, "బ్లడ్ గ్రూపు నాకు రాదు సార్, సిస్టమే ఇయ్యదు" అన్నాడు. వాడు అబద్ధమాడలేదు. రాదని అందరం వాడికి చెప్పి ఉన్నాం. వచ్చిన వరసలో నలభై రిపోర్టులతో పాటు నొక్కేశాడని, చూసుకోలేదని తర్వాత తేలింది. అప్పటికి మేనేజరు లెక్కలో మిగిలింది ఆపా. ఆమె చూడకుండా విడుదల చేసి ఇప్పుడు కాదంటోంది, లేదంటే కార్డూ పిన్నూ వేరేవాళ్ళకిచ్చింది. రెండిట్లో ఏదైనా ఉద్యోగం పోయే తప్పే.

మేనేజరు నన్ను పిలిచాడు. రావు గారు, కిరణ్, ఆపా అందరూ గదిలో ఉన్నారు.

"మల్లేశం, సిస్టమ్‌ల ఎవరి పేరున్నది?"

నేను నా స్క్రీన్ చూసి చెప్పాను. "షమీమ్ మేడం పేరున్నది సార్."

ఆపా నా వైపు తిరిగింది. కోపం లేదు. బల్ల దగ్గర నేను తడబడినప్పుడు చూసినట్టే చూసింది. "మల్లేశ్, మంచిగ చదివి చెప్తున్నవా?"

"చదివిన ఆపా. పేరు నీదే."

విచారణ తేలేదాకా ఇంట్లో ఉండమని ఆమెను పంపేశారు.

తెల్లవారి నాకు మనసు ఆగక, జారీ చేసే సర్వీసు దగ్గర దాచిన ఆ రోజు టోకెన్ తెప్పించుకున్నాను. నా ప్రోగ్రాముతో కాదు, కళ్ళతో, మొదటి నుంచి చివరిదాకా చదివాను. పైన షమీమ్. కింద, లోపల, పని చేస్తున్న మనిషి దగ్గర, కిరణ్. అంతా అక్కడే ఉంది. టోకెన్ అబద్ధం చెప్పలేదు. నేను సగం చదివాను.

దాన్ని కాగితం మీద తీసుకొని రావు గారి దగ్గరికి పరుగెత్తాను. "తప్పు మనది సార్."

ఆయన కాగితం చూశారు. "వచ్చే వారం ఇంకో రెండు కేంద్రాలకి ఇదే పెడుతున్నామండీ. ఇప్పుడీ మాట బయటికొస్తే మొత్తం పోద్ది. ఆవిడకేం కాదులెండి, నాలుగు రోజులు ఇంట్లో కూర్చోమన్నారు, అంతే కదా. అది అయ్యాక మనమే చెబుదాం."

నేను సరేనన్నాను. రావు గారు నా నోటికి తాళం వేయలేదు. ఉద్యోగం పోయి, ల్యాబు వరండాలో మళ్ళీ సీసాల ట్రే పట్టుకొని తిరుగుతానేమోనని నాకే భయం. రోజూ పొద్దున చెబుదామనుకునేవాణ్ణి. రోజూ సాయంత్రం రేపు అనుకునేవాణ్ణి. ఎనిమిది రోజులు గడిచాయి.

తొమ్మిదో రోజు కిరణ్ వచ్చాడు. "అన్నా, మేడం రాజీనామా పెట్టి పోయింది. తీసేసెదాక ఎందుకుండాలె అన్నదట."

ఆ రోజే కూర్చొని చేత్తో రెండు పేజీలు రాసి మేనేజరుకు ఇచ్చాను. తప్పు నాది, షమీమ్‌ది కాదు, కిరణ్‌ది చూసుకోకపోవడం మాత్రమే అని. అందుకు నన్ను ఏం చేశారో రాయను, అది పెద్ద విషయం కాదు. ఆమె తప్పు లేదని ల్యాబువాళ్ళు ఉత్తరం రాశారు, మళ్ళీ రమ్మన్నారు. ఆమె రాలేదు.

జహనుమా

నా రెండు పేజీల నకలు తీసుకొని జహనుమాలో వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు ఆమే తీసింది. కాగితం ఇవ్వబోతే తీసుకోలేదు.

"చదువు," అంది.

నిలబడి చదివాను. ఒక్క అక్షరం వదలకుండా, సంతకం దాకా. ఆమె కళ్ళు మూసుకొని విన్నది.

"మంచిగ రాసినవ్. ఒక్కటి రాయలే. నీకు ఏ దినం తెలిసింది?"

అబద్ధం చెప్పొచ్చు. కాగితం మీద లేదు కదా. "విచారణ అయిన తెల్లారే తెలిసింది ఆపా," అన్నాను.

ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టింది. "ఎనిమిది దినాలు. గా ఎనిమిది దినాలు మా చుట్టాలు, మా గల్లీవాళ్ళు నన్ను ఎట్ల చూసిండ్రో ఎరికేనా నీకు?"

నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

"సీసా మీద పేరు తప్పు చదివినవనుకో, మళ్ల నేర్పుత. గిది చదవరాక కాదు కద, మల్లేశ్."

లోపలికి వెళ్ళి చాయ్ తెచ్చింది. "తాగి పో" అంది. తాగాను. కప్పు కింద పెట్టి సలాం చెప్పాను. ఆమె అప్పటికే లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత రెండుసార్లు వెళ్ళాను. రెండోసారి ఇంటికి తాళం ఉంది. బీదర్‌లో చెల్లెలి దగ్గరికి పోయిందని పక్కవాళ్ళు చెప్పారు.

మీకు చెప్పేది

నాకు పెళ్ళి కాలేదు. అన్నదమ్ములు లేరు. నన్ను తిట్టే చనువున్న మనిషి ఈ నగరంలో ఒక్కతే ఉండేది. ఇది జాలి కోసం చెప్పడం లేదు. తప్పు ఖరీదు చెప్పకుండా తప్పు మాత్రం చెబితే, అది మీకు పాఠంలా వినిపించి పోతుంది.

కౌంటరు అప్లికేషన్ రాసేవాళ్ళు టోకెన్‌ను మోయండి, విప్పకండి. స్క్రీన్ మీద పేరు చూపించాలంటే సర్వీసును అడగండి, అది సరిచూసి చెబుతుంది. బటన్ దాచారని తలుపు మూసినట్టు కాదు. తలుపు సర్వీసు దగ్గర ఉంది, అక్కడ కాపలా ఉండాలి. తప్పనిసరై క్లెయిములు చదవాల్సి వస్తే చివరిదాకా చదవండి. ఎవరు చెప్పారు, ఎవరికి చెప్పారు, ఎప్పటిదాకా, ఎవరి తరఫున ఎవరు. మొదటి పేరు దగ్గర ఆగేవాడు చదవడం రానివాడికంటే ప్రమాదం. చదవడం రాని రోజుల్లో నేను ఒక్క కవరూ తప్పు చేతికి ఇవ్వలేదు.

తప్పు తెలిసిన రోజే చెప్పండి. ప్రోగ్రాము తొమ్మిదో రోజు కూడా బాగుపడుతుంది. మిగతావి బాగుపడవు.

ఆ అప్లికేషన్‌ను నేనే బాగు చేశాను. టోకెన్ విప్పే ముక్క మొత్తం పీకేశాను. సరిచూసే పని సర్వీసుకు అప్పగించాం. రిపోర్టు కింద రెండు లైన్లు పెట్టించాను. ఎవరి తరఫున, చేసినవారు ఎవరు.

మొన్న చలికాలంలో ఆయాసం వస్తుంటే చాంద్రాయణగుట్టలో ఫ్లైఓవర్ పక్కనున్న అదే కేంద్రానికి పరీక్షకు వెళ్ళాను. నేను ఎవరో వాళ్ళకు తెలియదు. పక్క కుర్చీలో ఒకాయన తన రిపోర్టు తిప్పి తిప్పి చూస్తున్నాడు.

"గీ కింద రెండు పేర్లేంది భాయ్? ఒకటి సాలదా?"

"సాలదు," అన్నాను.

నా వంతు వచ్చింది. కౌంటరులో అమ్మాయి కొత్త స్క్రీన్ ముందు కూర్చుంది. పేరు, వయసు, ఫోను అడిగింది.

"బాపూ, తోడు ఎవరొచ్చిండ్రు?"

"ఎవరు రాలే."

"ఏదన్న ఒక పేరు చెప్పుండ్రి. ఖాళీ పెడితే ముందటికి పోతలేదు. అవసరం పడితే పిలిచెతందుకు, గంతే. ఎవరో ఒకరుంటరు కద?"

నోటి దాకా ఒకటే పేరు వచ్చింది. చెబితే ఆ అమ్మాయి రాసేస్తుంది, ఎవరూ సరిచూడరు. కానీ ఆమె లేని చోట ఆమె పేరు ఇదివరకే ఒకసారి రాయించాను.

"లేరు అని రాయి బిడ్డా," అన్నాను. "గది కూడ ఒక మాటే."

ఆమె నన్ను ఒకసారి చూసి, ఆ గడిలో "లేరు" అని టైపు చేసింది. స్క్రీన్ ముందుకు పోయింది.